తినలేదంటే ఏది తినలేదు?

"అపార్థానికి తావే లేని భాషను తర్కవేత్తలు తయారు చేశారట, నిజమేనా మాస్టారూ?" అని పర్లాకిమిడి విద్యార్థి ఒకరు అడిగారు. ఆ భాష పేరు లోజ్బాన్. జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో ప్రారంభించిన లోగ్లాన్ నుంచి 1987లో వేరుపడి రూపొందింది. అందులో ప్రతి వాక్యానికీ వ్యాకరణరీత్యా ఒకే అన్వయం ఉంటుంది. కాని అన్వయం ఒక్కటే అయినంత మాత్రాన అర్థమూ ఒక్కటే కానక్కరలేదు.

మా పెద్దమ్మను పరగడుపు షుగరు పరీక్షకు పర్లాకిమిడిలో ఒక ల్యాబుకు తీసుకువెళ్లాను. "తిన్నారా?" అని అడిగితే "తిన్నేదు బాబూ" అంది. రక్తం తీసిన తరువాత చూస్తే, ఆమె కొంగున కట్టుకున్న మురీల (మరమరాల) పొట్లం సగం ఖాళీగా ఉంది. అదేమిటని నిలదీస్తే "అన్నం తిన్నేదు కదరా!" అని నన్నే కసిరింది. ఒడియాలో "ఖాయిని" అన్నా ఇదే తంటా.

లోజ్బాన్‌లో తినడానికి "షిత్‌కా" అంటారు. దానికి రెండు స్థానాలు: తినేవారు, తినబడేది. రెండో స్థానాన్ని ఖాళీగా వదిలితే అక్కడ "జొహె" అనే సర్వనామం ఉన్నట్టే లెక్క. చెప్పకుండా వదిలేసిన దానికి అది గుర్తు. "నా" చేరిస్తే వాక్యం మొత్తానికి వ్యతిరేకార్థం వస్తుంది. కనుక "మి నా షిత్‌కా" అంటే "నేను జొహెను తింటాను" అన్నది అబద్ధమని అర్థం. కాలం కూడా చెప్పనక్కరలేదు గనుక అది "తినలేదు" కూడా కావచ్చు. చిక్కంతా ఆ జొహె ఏమిటన్నదే.

జొహె అంటే "ఏదో ఒకటి" అనుకుంటే, ఏదో ఒకటి తిన్నానన్నది అబద్ధం, అంటే ఏమీ తినలేదు. ల్యాబు అబ్బాయి విన్నది ఇదే. సందర్భాన్ని బట్టి మనసులో ఉన్న ఫలానా వస్తువు అనుకుంటే, అన్నం తినలేదు, మురీల ప్రసక్తి లేదు. పెద్దమ్మ చెప్పింది ఇది. ఇక "వాక్యాన్ని నిజం చేసే విలువ ఏదైనా సరే" అనుకుంటే కొంప మునిగినట్టే: మహేంద్రగిరిని ఎవరూ తినలేదు గనుక, విందు ఆరగించి వచ్చినవాడు కూడా "మి నా షిత్‌కా" అని నిర్భయంగా చెప్పవచ్చు!

వెళ్లడానికి వాడే "క్లమా"కు ఐదు స్థానాలున్నాయి: వెళ్లేవారు, గమ్యం, బయలుదేరిన చోటు, దారి, వాహనం. బరంపురం వెళ్లలేదన్నవాడు అసలు వెళ్లలేదా, నౌపడా మీదుగా వెళ్లలేదా, రైల్లో వెళ్లలేదా? ఖాళీ స్థానాలు పెరిగేకొద్దీ తప్పించుకునే దారులూ పెరుగుతాయి.

మన బడిలో "నిన్, నున్, లన్, కూర్చి, గురించి" అని ద్వితీయా విభక్తిని వల్లె వేయిస్తారే గాని, కర్మ లోపించిన సకర్మక క్రియకు వ్యతిరేకార్థం చేరితే ఏమవుతుందో ఏ ఉపాధ్యాయుడూ అడగడు.

లోజ్బాన్‌లో విరుగుడు లేకపోలేదు. "మి షిత్‌కా నోదా" అంటే నేను ఏదీ తినలేదని తేటతెల్లం. "దా నాకు సె షిత్‌కా మి" అంటే నేను తినని వస్తువు ఒకటి ఉంది. ఇందులో "దా" అంటే ఏదో ఒకటి. "సె" తినేవారి స్థానాన్నీ తినబడేదాని స్థానాన్నీ తారుమారు చేస్తుంది. ఈ "నాకు" మన నాకు కాదు. వాక్యంలో తాను నిలిచిన చోటు నుంచే వ్యతిరేకార్థాన్ని మొదలుపెట్టే మాట. "దా" దానికి ముందుందా వెనుకుందా అన్నదానిపైనే అర్థమంతా ఆధారపడుతుంది. అయితే ఈ విరుగుడును మాట్లాడేవారే పూనుకొని వాడాలి. వదిలేసినా వ్యాకరణం తప్పు పట్టదు.

మరునాడు మళ్లీ వెళితే ల్యాబు అబ్బాయి ప్రశ్న మార్చాడు: "మంచినీళ్లు తప్ప నోట్లో ఇంకేమైనా వేసుకున్నావా, అమ్మమ్మా?"