వీలునామా రాస్తే కాలేజీ దానంతటదే లేవదు

నెలకు ఒకరైనా వచ్చి అడుగుతారు: "ప్లీడరు గారూ, ఆ రెండెకరాలూ అమ్మి బ్యాంకులో వేస్తే వడ్డీ మీద వడ్డీ పెరిగి ఇంజనీరింగ్ కాలేజీ అవుతుందట కదా! అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ అలాగే పెట్టాడట." ఈ వాట్సాప్ కథ ఎవరు మొదలుపెట్టారో గానీ, నా ప్రాణం తీస్తున్నారు.

అపోహ: ఫ్రాంక్లిన్ కాలేజీ పెట్టమని రాశాడు.
రాయలేదు. 1790లో ఆయన పోయాడు. అంతకు ముందు ఏడాది వీలునామాకు అనుబంధం రాసి బోస్టన్, ఫిలడెల్ఫియా ఊళ్లకు చెరో వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఆ సొమ్ములోంచి పెళ్లయిన, 25 ఏళ్లు నిండని చేతిపనివాళ్లకు 5 శాతం వడ్డీకి అప్పులివ్వాలి. నూరేళ్లయ్యాక చాలా భాగం ఊరి పనులకు, అంటే వంతెనలకో స్నానశాలలకో వాడాలి. కాలేజీ ఊసే లేదు.

అపోహ: చక్రవడ్డీ తన పని తాను చేసుకుపోతుంది.
బోస్టన్‌లో నూరేళ్లకు 1,31,000 పౌండ్లవుతుందని ఆయన లెక్క. అంత కాలేదు. ఫ్యాక్టరీలొచ్చాక అప్పు అడిగే కుర్రాళ్లే కరువయ్యారు.

అపోహ: పెద్దమనుషులను పెట్టాం, వాళ్లే చూసుకుంటారు.
కొంప ముంచేది ఇదే. బోస్టన్ సొమ్ముకు ఫ్రాంక్లిన్ పెట్టిన పెద్దలు సెలెక్ట్‌మెన్ (ఊరి పాలన చూసే ఎన్నికైన పెద్దలు), మూడు పాత చర్చిల పాస్టర్లు. 1822లో బోస్టన్ నగరమైంది, సెలెక్ట్‌మెన్ పదవే పోయింది. 1891లో నూరేళ్ల గడువు తీరేసరికి పెత్తనం ఎవరిదన్న తగవు కోర్టుకెక్కింది. కోర్టే కొత్తవాళ్లను నియమించి, ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ తానూ అంతే సొమ్ము కలిపితే, 1908లో గానీ ఫ్రాంక్లిన్ యూనియన్ అనే సాంకేతిక విద్యాలయం తలుపులు తెరుచుకోలేదు. పదిహేడేళ్లు!

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు చూసిన కేసూ ఇదే. పిల్లల్లేని ఒక రైతు పాలిటెక్నిక్ కోసం చెరువు కింది మాగాణి రాసిచ్చాడు. ధర్మకర్తలు "గ్రామ కరణం, మునసబు" అన్నాడు. పేర్లు కాదు, పదవులు. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. పాత కరణం గారేమో హక్కు నాదేనంటారు, రైతు అన్న కొడుకులేమో అసలు ట్రస్టే లేదంటారు. నేను ఆ ఫైలు మోసిన నాలుగేళ్లలో పొలంలో ఒక్క ఇటుక పడలేదు.

అలాగని రాత్రిళ్లు నిద్ర మానుకుని టెన్షన్ పడక్కర్లేదు. ధర్మకర్త చనిపోయినా, తప్పుకున్నా, ఆ పదవే లేకుండా పోయినా తర్వాతి మనిషిని ఎవరు ఎంచాలో ఒక్క వాక్యం రాయించండి. కాలేజీ కుదరకపోతే ఆ సొమ్ము దేనికి వాడాలో ఇంకో వాక్యం.

రిజిస్టర్ చేయని వీలునామా చెల్లదన్నదీ, స్టాంపు పేపరు ఉండాలన్నదీ పుకార్లే. తెల్ల కాగితం, మీ సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. వచ్చేటప్పుడు పొలం పాసు పుస్తకం తెచ్చుకోండి.