అపోహలు - వాస్తవాలు: ‘మంచి కొలెస్ట్రాల్ ఎక్కువే ఉందిగా, మాత్ర ఎందుకు?’

స్టెంట్ పడిన పెద్దవాళ్లను చూసే ఓపీలో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గురించి ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అనేది ఎక్కువగా ఆడవాళ్లే. మిగతా అపోహలు ఎలా ఉన్నా, ఇది మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

అపోహ: హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) బాగుంటే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కాస్త పెరిగినా ఫర్వాలేదు.

వాస్తవం: గుండెజబ్బు వచ్చాక ఆ లెక్క చెల్లదు. ఆడవాళ్లకు హెచ్‌డీఎల్ సగటున మగవాళ్లకన్నా డెసిలీటరుకు ఓ 10 మిల్లీగ్రాములు ఎక్కువే ఉంటుంది. అందుకే వాళ్లకు 50 కన్నా తగ్గితే తక్కువ అంటాం, మగవాళ్లకు 40 కన్నా తగ్గితే. అంటే మీ రిపోర్టులో 60 ఉన్నంత మాత్రాన మీకేదో ప్రత్యేక రక్షణ ఉన్నట్టు కాదు. హెచ్‌డీఎల్‌ను మందులతో పెంచి కూడా చూశారు. టోర్సెట్రాపిబ్ దాన్ని బాగా పెంచింది, కానీ వాడినవాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయి. 2006లో ఆ మందు మీద జరుగుతున్న పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

ఒక జంట నా దగ్గరికి వచ్చేవారు, ఇద్దరికీ స్టెంట్లున్నాయి. ఓసారి ఆవిడ రెండు రిపోర్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, తన హెచ్‌డీఎల్ 66 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి చూపించారు. "మా ఆయనకు 38 డాక్టర్ గారూ, మాత్ర ఆయనకు కావాలి, నాకెందుకు?" అన్నారు. కింద రేషియో (మొత్తం కొలెస్ట్రాల్‌ను హెచ్‌డీఎల్‌తో భాగిస్తే వచ్చేది) ఆయనది 3.1, ఆవిడది 3.2. రెంటి పక్కనా ‘నార్మల్’ అనే ఉంది. ఎల్‌డీఎల్ చూస్తే ఆయనకు 52, మాత్ర మానేసిన ఆవిడకు 118! ఆ వరుసను ఇంట్లో ఎవరూ చదవలేదు. ల్యాబ్ వాళ్లు వేసే ‘100 లోపు’ అనే గీత కూడా స్టెంట్ ఉన్నవాళ్ల కోసం వేసింది కాదు. స్టెంట్ ఉన్నవాళ్లకు 70 లోపు ఉండాలి. 2019 యూరప్ మార్గదర్శకాలైతే 55 లోపే ఉండాలంటాయి. ఆడవాళ్లకు వేరే లక్ష్యం ఎక్కడా లేదు.

"చిన్నప్పటి నుంచీ నాకు నార్మలే" అంటారు. నిజమే, మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) దాకా. ఆ తర్వాత ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అరవైలు దాటేసరికి సగటున అదే వయసు మగవాళ్లను మించిపోతుంది. పాత రిపోర్టులు దాచుకుని లాభం లేదు.

అపోహ: స్టాటిన్లు ఆడవాళ్లకు పనిచేయవు.

వాస్తవం: పనిచేస్తాయి. స్టాటిన్ల మీద చేసిన 27 పరీక్షల్లోని సుమారు 1,74,000 మంది లెక్కలు కలిపి 2015లో తేల్చారు: గుండెజబ్బు ముప్పు సమానంగా ఉంటే ఆడవాళ్లకూ మగవాళ్లకూ మేలూ ఇంచుమించు సమానమే.

అపోహ: మెనోపాజ్ తర్వాత ఇచ్చే హార్మోన్ మాత్రలతో గుండె బాగవుతుంది.

వాస్తవం: కాదు. గుండెజబ్బున్న మహిళల మీద చేసిన హెర్స్ పరీక్షలో ఎల్‌డీఎల్ తగ్గింది, హెచ్‌డీఎల్ పెరిగింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. 1998 నాటి సంగతి ఇది, ఇంకా అడుగుతున్నారు.

అపోహ: 75 ఏళ్లు దాటాక స్టాటిన్ ఆపేయొచ్చు.

వాస్తవం: వయసొక్కటే ఆపడానికి కారణం కాదు.

ఇక స్టాటిన్‌తో వస్తాయనే ఒళ్లునొప్పులు. ఇక్కడ నేను ఎవరినీ కసురుకోను. నొప్పి నొప్పే, భయం కూడా సహజమే. స్టాటిన్ పడక మానేసినవాళ్ల మీదే చేసిన శాంసన్ పరీక్షలో, మాత్ర వేసుకున్న నెలల్లో పడ్డ బాధలో 90 శాతం మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లోనూ ఉంది. అలాగని అందరిదీ భ్రమ అనను. ఒక పెద్దావిడ కాళ్లు లాగుతున్నాయని నెలల తరబడి మాత్ర మానేసి, తిడతానేమోనని నాకు చెప్పనేలేదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయిస్తే బాగా ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కండరాలూ నొప్పిపెడతాయి. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇది మామూలే. థైరాయిడ్ సర్దుకున్నాక అదే స్టాటిన్‌ను తక్కువ డోసుతో మొదలుపెట్టి, కొలెస్ట్రాల్ తగ్గించే మరో మందు ఎజెటిమైబ్ జత చేశాం. నొప్పులు మళ్లీ రాలేదు. వచ్చి ఉంటే మందు మార్చేవాళ్లం, అంతే.