కొత్త కార్లలో ఇంధనం ఆదా చేసే టెక్నాలజీ: అపోహలు - వాస్తవాలు

నేను ఉండేది ఆంధ్ర సరిహద్దు దగ్గర, ఒడిశాలోని రాయగడలో. కొత్త కార్లలో, పికప్‌లలో ఇంధనం ఆదా చేసే టెక్నాలజీ ఎంత వేగంగా వస్తుందో అంచనా కట్టడం నా పని. విడిభాగాల వ్యాపారులు ఆ లెక్క చూసుకునే సరుకు తెప్పించుకుంటారు. లెక్క తప్పయితే వాళ్ళ డబ్బు నెలల తరబడి అల్మరాల్లో ఇరుక్కుపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అందరూ మైలేజే అడుగుతారు, కాబట్టి మైలేజ్ పెంచేది ఏదైనా అమ్ముడుపోతుంది.

వాస్తవం: అడుగుతారు, నిజమే. డబ్బు పెట్టేటప్పుడు మాత్రం నెలకు ఎంత తిరుగుతారన్నదే తేలుస్తుంది. మామూలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్న కారు) 22 ఇస్తాయనుకుందాం. ధరలో తేడా 2 లక్షలు, పెట్రోలు లీటరు 100 రూపాయలు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మిగిలేది 17 లీటర్లు, అంటే 1,700 రూపాయలు. పెట్టిన 2 లక్షలు తిరిగి రావడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది. పార్వతీపురం, కోరాపుట్ కిరాయిలు తిప్పుతూ నెలకు 4,000 తిరిగే టాక్సీకి రెండున్నరేళ్ళ లోపే వచ్చేస్తాయి. మా వీధి డ్రైవరన్న "కిలోమీటరుకు ఎంత పడుద్దో చెప్పు బాబూ" అంటాడు. పక్కింటి టీచరమ్మ "ఘాట్‌లో లాగుతుందా?" అని అడుగుతారు. ఈ ఇద్దరికీ కలిపి సగటు తీస్తే ఆ అంచనా ఇద్దరిలో ఎవరికీ సరిపోదు.

2014లో మారుతి సెలెరియో కారుతో ఏఎంటీ, అంటే గేర్లు తానే మార్చుకునే గేర్‌బాక్స్, వచ్చింది. దాన్ని జనం కొన్నది క్లచ్ తొక్కే పని తప్పుతుందని. మైలేజ్ తగ్గకపోవడం కలిసొచ్చింది.

అపోహ: టెక్నాలజీ మంచిదైతే దానంతట అదే వ్యాపిస్తుంది.

వాస్తవం: మన దేశంలో నిబంధన, పన్ను ముందు నడుస్తాయి. కార్ల కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు ఇంధన వాడకం మీద 2017-18 నుంచి ఒక హద్దు ఉంది. దాన్ని పొగలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో కొలుస్తారు. మొదట్లో అది కిలోమీటరుకు సుమారు 130 గ్రాములు. 2022-23 నుంచి 113కు దిగింది. ఆ సగటు తగ్గడానికి కంపెనీలు స్టార్ట్-స్టాప్ (బండి ఆగినప్పుడు ఇంజను దానంతట అదే ఆగి, కదిలేటప్పుడు మళ్ళీ స్టార్టయ్యేది) లాంటివి తామే బిగించి పంపుతాయి. మా ఊళ్ళో సిగ్నళ్ళు తక్కువ కాబట్టి దానితో ఆదా కూడా తక్కువే, అయినా అది కారుతో పాటే వస్తుంది. ఇక పన్ను సంగతి. 2017లో జీఎస్టీ రాగానే నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌ల మీద పన్ను సెస్సుతో కలిపి 43 శాతం అయింది. ఒక్క నిర్ణయంతో అంచనా తలకిందులు. అందుకే నేను ఎప్పుడూ ఒకే అంకె ఇవ్వను. పన్ను తగ్గితే ఇంత, లేకపోతే ఇంత అని రెండూ రాసిస్తాను.

పికప్‌లను కార్లతో కలపకండి. 2017లో మొదలైన ఆ హద్దు ప్రయాణికుల వాహనాలకు పెట్టింది. సంతకు కూరగాయలు మోసే బండి ఓనరు చూసేది లోడు, రిపేరు ఖర్చు.

అపోహ: కొత్త కార్లలో సగానికి వచ్చిందంటే రోడ్డు మీద సగం మారినట్టే.

వాస్తవం: ఊళ్ళో 100 కార్లుంటే, ఏడాదికి 8 కొత్తవి వస్తాయనుకోండి. వాటిలో సగం అంటే 4, మొత్తం వందలో నాలుగే. కొత్త బండ్ల పొగ మీద బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1న వచ్చింది, పాత బండ్ల పని ఇంకా గ్యారేజీల్లో నడుస్తూనే ఉంది. పాత సరుకు తొందరపడి వదిలించుకోకండి.

అపోహ: షోరూం అమ్మకాలు చూస్తే చాలు.

వాస్తవం: సరిహద్దులో ఇది చాలా టెన్షన్ పెట్టే విషయం. కారు విజయనగరంలోనో విశాఖలోనో కొంటారు, నంబరు మాత్రం మా రాయగడది, ఓడీ-18. షోరూం లెక్కలో ఆంధ్ర, రిజిస్ట్రేషన్ లెక్కలో ఒడిశా. రెండూ కూడితే ఒకే కారు రెండుసార్లు పడుతుంది. నేను రిజిస్ట్రేషన్‌నే పట్టుకుంటాను, ఎందుకంటే ఆ కారు సర్వీసుకు వచ్చేది ఇక్కడికే.