10 షిల్లింగులకు పోయిన పాట

1961 డిసెంబరులో అమెరికా బిల్‌బోర్డ్ హిట్ పాటల జాబితాలో మొదటి స్థానం ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ది. ద టోకెన్స్ బృందం పాడింది. రికార్డు రెండో వైపున ఉన్న ఆ పాట మూడు వారాలు కదలకుండా అక్కడే ఉంది. పాట రాసినవాళ్లుగా అమెరికన్ల పేర్లే వేశారు. బాణీ కట్టినాయన పేరు ఎక్కడా లేదు.

ఆయన సాలమన్ లిండా. దక్షిణాఫ్రికాలో జూలూ జాతికి చెందినవారు. జొహాన్నెస్‌బర్గ్‌లోని గాలో రికార్డు కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవారు. 1939లో ఆ కంపెనీ స్టూడియోలోనే తన ఈవెనింగ్ బర్డ్స్ బృందంతో ‘ఎంబుబే’ అనే పాట పాడారు. మూడో టేకు చివర్లో, తోటివాళ్లు కింది స్థాయిలో పల్లవి సాగిస్తుంటే, లిండా గొంతు పైకెత్తి ముందు అనుకోని చిన్న బాణీ ఒకటి అప్పటికప్పుడు అందుకున్నారు. కొన్ని క్షణాలే. తర్వాత అమెరికాలో ఇంగ్లిష్ మాటలు కూర్చింది ఆ ముక్కకే. ఆఫ్రికాలో ఆ రికార్డు సుమారు లక్ష కాపీలు అమ్ముడైంది. లిండాకు హక్కుల కింద దక్కింది 10 షిల్లింగులు.

రికార్డు అమెరికాలో జానపద గాయకుడు పీట్ సీగర్ చేతికి చేరింది. ఆయన బృందం ద వీవర్స్ 1952లో దాన్ని ‘విమోవే’గా హిట్ చేసింది. రచయిత స్థానంలో పాల్ కాంబెల్ అని వేశారు. అలాంటి మనిషే లేడు! సీగర్ మాత్రం లిండాకు 1,000 డాలర్లు పంపించారు, రాయల్టీ కూడా ఆయనకే ఇవ్వమన్నారు. ఆ మాట సరిగ్గా అమలు కాలేదు.

1962లో లిండా పేదరికంలోనే చనిపోయారు. సమాధికి రాయి పెట్టించడానికి కుటుంబానికి 18 ఏళ్లు పట్టింది. 1994లో డిస్నీ సినిమా ‘ద లయన్ కింగ్’తో ఆ బాణీ మళ్లీ ప్రపంచమంతా మోగింది. ఇంట్లో పరిస్థితి మారలేదు. 2001లో ఒక కూతురు ఎయిడ్స్‌తో చనిపోయింది, మందులు కొనే స్తోమత లేక.

రియన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత 2000లో ఈ సంగతంతా పత్రికకెక్కించాకే కదలిక వచ్చింది. దారి చూపింది మాత్రం దక్షిణాఫ్రికాలోనూ వర్తించిన 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం. హక్కులు అమ్మేసినా సరే, రచయిత చనిపోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగి రావాలని అందులో ఒక నిబంధన ఉంది. లాయర్ ఓవెన్ డీన్ దాన్ని పట్టుకున్నారు. ఆ లెక్కన 1987 నుంచే పాట కుటుంబానిది. 2004లో డిస్నీపై కేసు వేసి, దక్షిణాఫ్రికాలో ఆ సంస్థకున్న ట్రేడ్‌మార్కులను కోర్టు ద్వారా అటాచ్ (జప్తు) చేయించారు. డిస్నీ లాంటి కంపెనీని బేరానికి రప్పించింది ఆ ఎత్తేనని నా నమ్మకం. 2006లో రాజీ కుదిరింది. పాత బకాయిలు, ముందు ముందు రాయల్టీ ఇవ్వడానికి, లిండాను సహ స్వరకర్తగా గుర్తించడానికి ఒప్పుకున్నారు.