హైబర్నేట్ బటన్ మాయమైందా? ఫార్మాట్ కొట్టేముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

నేను బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల చిన్న చిన్న ఆఫీసుల సిస్టమ్‌లు చూసుకుంటా, ఎక్కువ ఉబుంటూ, అక్కడక్కడా ఫెడోరా (రెండూ లైనక్స్ రకాలే). ఈ ఏరియాలో సగం మంది మనోళ్ళే కాబట్టి ఆదివారం పూట కూడా ఫోన్ వస్తది, "అన్నా, మెనూలో హైబర్నేట్ కనపడట్లా, మొన్నటిదాకా ఉన్న సస్పెండ్ కూడా పోయింది, ఫార్మాట్ కొట్టేయనా?" అని. వద్దురా బాబూ. ఇదే సంగతి ఎంతమందికని చెప్పను, అందుకే రాసి పడేస్తున్నా. సస్పెండ్ అంటే తెరిచిన పనంతా ర్యామ్‌లో ఉంచి మెషీన్ కునుకు తీయడం, హైబర్నేట్ అంటే దాన్ని డిస్క్ మీద రాసి పూర్తిగా ఆఫ్ అవడం. కమాండ్లు కూడా ఫోన్లో చెప్పినట్టే రాస్తా, టైప్ చేసుకునేది మీరే.

అపోహ: ఆప్షన్ లేదంటే డ్రైవర్ లేనట్టే, ఈ లాప్‌టాప్‌కి లైనక్స్ పడదు.

వాస్తవం: మెనూకి సొంతంగా ఏమీ తెలీదు. అది సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసులన్నీ నడిపేది) ఉండే లాగిన్‌డీని అడుగుద్ది, "సస్పెండ్ చేయొచ్చా, హైబర్నేట్ చేయొచ్చా" అని, అట్నుంచి మామూలుగా నాలుగు జవాబుల్లో ఒకటి వస్తది. ఎస్ అంటే సరే. చాలెంజ్ అంటే పాస్‌వర్డ్ ఇస్తే చేస్తా అని. నో అంటే మెషీన్‌కి చేతనవుద్ది గానీ నీకు పర్మిషన్ లేదు అని. ఎన్ఏ అంటే అసలు ఈ మెషీన్ మీద ఇప్పుడున్న పరిస్థితిలో కుదరదు అని. మన జనం తికమక పడేది ఈ చివరి రెండింటి దగ్గరే, నో వచ్చినోడు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా, మామూలుగా డిస్క్ మీద ఉంటది, హైబర్నేట్ రాసేది కూడా ఇందులోకే) పెంచుకుంటూ కూర్చుంటాడు, ఎన్ఏ వచ్చినోడు పర్మిషన్ ఫైళ్ళు కెలుకుతుంటాడు.

జవాబు ఏంటో తెలియాలంటే బస్‌సీటీఎల్ కాల్ అని కొట్టి లాగిన్1 మేనేజర్‌ని క్యాన్‌హైబర్నేట్ అని అడగాలి. అంత పొడుగు లైను కొట్టే ఓపిక లేకపోతే, తెరిచిన పనులన్నీ సేవ్ చేసుకుని టెర్మినల్లో సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్ కొట్టండి, కుదరకపోతే ఏదో ఒక ఎర్రర్ మొహాన కొడుద్ది, ఆ లైను నాకు పంపండి చాలు. "పని చేయట్లేదన్నా" అని మాత్రం పంపొద్దు.

కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటిది) సంగతేంటో చూడాలంటే సిస్ ఫోల్డర్లో పవర్, అందులో స్టేట్ అని ఒక ఫైలుంటది, దాన్ని క్యాట్ కమాండ్‌తో చూస్తే మామూలుగా ఫ్రీజ్, మెమ్, డిస్క్ అని మూడు మాటలు వస్తాయి. మెమ్ ఉంటే సస్పెండ్‌కీ డిస్క్ ఉంటే హైబర్నేట్‌కీ కెర్నల్ వైపు నుంచి దారి ఉన్నట్టు, ఇక పేచీ పైన ఎక్కడో ఉంది.

అపోహ: హైబర్నేట్ కావాలంటే ర్యామ్‌కి రెట్టింపు స్వాప్ ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. కెర్నల్ మామూలుగా ఇమేజ్‌ని (డిస్క్ మీద రాసే ర్యామ్ కాపీని) ర్యామ్‌లో ఐదింట రెండొంతులకి కుదించాలని చూస్తది, రాసేటప్పుడు కంప్రెస్ కూడా చేస్తది. కానీ లాగిన్‌డీ లెక్క వేరే. ప్రాక్ ఫోల్డర్లోని మెమ్‌ఇన్ఫో ఫైల్లో యాక్టివ్ అనాన్ అని ఒక లైను (ప్రోగ్రాములు చురుగ్గా వాడుతున్న మెమరీ) ఉంటది చూడండి, ఆ సైజు ఖాళీగా ఉన్న స్వాప్‌లో 98 శాతం దాటిందా, హైబర్నేట్ కుదరదని చెప్పేస్తది.

దీనివల్ల భలే తమాషా ఒకటి జరిగింది. మా క్లయింట్ ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయి, నెల్లూరు పిల్ల, "పొద్దున హైబర్నేట్ ఉంటది, సాయంత్రానికి పోతది, మీ లైనక్స్‌కి మూడ్స్ ఉన్నాయా అన్నా" అంది. నమ్మలేదు, నేనే వెళ్ళి పక్కన కూర్చున్నా. 16 జీబీ ర్యామ్, 2 జీబీ స్వాప్ ఫైల్. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే యాక్టివ్ అనాన్ ఒకటిన్నర జీబీ లోపే ఉంది, బటన్ ఉంది. బ్రౌజర్లో జీఎస్టీ పోర్టల్, మెయిల్, పది షీట్లు, వెనక పాటలు, అన్నీ తెరిచాక చూస్తే 5 జీబీ దాటింది, బటన్ లేదు. నా ఎదురుగానే ట్యాబ్‌లన్నీ మూసేసింది, మెనూ తెరిస్తే మళ్ళీ వచ్చేసింది! ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. స్వాప్ ఫైల్‌ని 16 జీబీకి పెంచా, ఆ గోల తీరింది. ర్యామ్ ఎంతో స్వాప్ అంత పెట్టుకుంటే నిశ్చింత, రెట్టింపు మాత్రం దండగ.

అపోహ: స్వాప్ పెంచేశాం కదా, ఇక అయిపోయింది.

వాస్తవం: పడుకోబెట్టడం సులువే, లేపడం దగ్గరే ఉంది తంటా. ఉబుంటూ 17.04 నుంచి స్వాప్‌కి వేరే పార్టిషన్ బదులు ఫైల్ పెడుతోంది. ఫైల్ అయితే గ్రబ్‌లో (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రాము) రెండు విషయాలు చెప్పాలి, రెస్యూమ్ అని ఆ ఫైల్ ఏ పార్టిషన్ మీద ఉందో దాని యూయూఐడీ, అంటే గుర్తింపు నంబరు (స్వాప్ సొంత యూయూఐడీ కాదు, పదిమందిలో ఎనిమిది మంది ఇక్కడే బోర్లా పడతారు), రెస్యూమ్ ఆఫ్‌సెట్ అని ఆ ఫైల్ డిస్క్ మీద ఎక్కడ మొదలైందో ఆ నంబరు. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే ఫైల్‌ఫ్రాగ్ మైనస్ వీ కొట్టి మొదటి వరసలో ఫిజికల్ ఆఫ్‌సెట్ కింద మొదటి నంబరు తీసుకోండి. తర్వాత అప్‌డేట్ గ్రబ్, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ యూ.

స్వాప్ ఫైల్ తీసేసి కొత్తది చేస్తే ఆఫ్‌సెట్ కూడా మారుద్ది. ఇది తెలిసి తెలిసీ నేనే ఒకసారి మర్చిపోయా. నా సొంత లాప్‌టాప్‌లో ఫైల్ పెద్దది చేసి, పాత నంబరే ఉంచేసి, రాత్రి హైబర్నేట్ చేసి పడుకున్నా. పొద్దున తెరిస్తే ఏమీ ఎరగనట్టు కొత్తగా బూట్ అయింది, సేవ్ చేయని కొటేషన్ గాల్లో కలిసిపోయింది, మళ్ళీ కూర్చుని రాసుకున్నా.

ఫెడోరా వాళ్ళకి ఇంకో మాట. 33వ వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, అందులో మామూలుగా వచ్చే స్వాప్ జీర్యామ్. అది ఉండేదే ర్యామ్‌లో. కరెంటు తీసేస్తే ర్యామ్‌తో పాటు అదీ పోద్ది, కాబట్టి "8 జీబీ స్వాప్ ఉందిగా అన్నా" అని ఫ్రీ కమాండ్ స్క్రీన్‌షాట్ పంపితే లాభం లేదు, డిస్క్ మీద వేరే స్వాప్ పెట్టాల్సిందే.

అపోహ: సెక్యూర్ బూట్‌కీ హైబర్నేట్‌కీ ఏం సంబంధం?

వాస్తవం: చాలా ఉంది. 2019లో వచ్చిన 5.4 కెర్నల్ నుంచి లాక్‌డౌన్ (నడుస్తున్న కెర్నల్‌ని ఎవరూ మార్చకుండా వేసే కట్టడి) అనేది కెర్నల్లోనే భాగం. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఉబుంటూ, ఫెడోరా లాంటివి దాన్ని ఆన్ చేస్తాయి, అప్పుడు హైబర్నేట్ బంద్. కారణం కూడా సబబే, డిస్క్ మీదున్న ఇమేజ్‌ని ఎవడైనా మార్చేస్తే లేచేటప్పుడు అది నేరుగా కెర్నల్లోకి ఎక్కేస్తది. సిస్ కింద పవర్లోనే డిస్క్ అనే ఫైల్ చూడండి, స్క్వేర్ బ్రాకెట్లో డిసేబుల్డ్ అని ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ళని అడక్కుండా సెక్యూర్ బూట్ ముట్టుకోవద్దు, పక్కన విండోస్, దానికి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉంటే రికవరీ కీ అడుగుద్ది, అప్పుడు ఆ కీ కోసం ఊరంతా తిరగాలి.

అపోహ: ఉబుంటూ హైబర్నేట్ పీకేసింది.

వాస్తవం: పీకలేదు, 12.04 నుంచి మూత పెట్టి ఉంచింది, చాలా మెషీన్లలో సరిగ్గా లేవట్లేదని. నో అని జవాబు వస్తే పోల్‌కిట్ (ఎవరికి ఏ పర్మిషన్ ఉందో చూసేది) రూల్ ఒకటి రాయాలి, ఈటీసీలో పోల్‌కిట్-1, అందులో రూల్స్ డాట్ డీ. పాత గైడుల్లో ఉండే పీకేఎల్ఏ ఫైళ్ళు కొత్త పోల్‌కిట్ నేరుగా చదవదు. అన్నీ చేసి ఎస్ వచ్చినా గ్నోమ్ (ఉబుంటూలో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్) మెనూలో బటన్ రాదు, ఎందుకంటే గ్నోమ్ ఆ బటన్ పెట్టనే పెట్టదు, ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. కేడీఈ డెస్క్‌టాప్‌లో ఈ బాధ లేదు.

అపోహ: సస్పెండ్ పోయిందంటే అప్‌డేటే చెడగొట్టింది.

వాస్తవం: ఇంట్లో మెషీన్‌ని సర్వర్‌లా వాడదామని ఎప్పుడో స్లీప్ టార్గెట్, సస్పెండ్ టార్గెట్ మాస్క్ చేసి (అసలు నడవకుండా కట్టేసి) ఉంటారు, చేసి మర్చిపోయి ఉంటారు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని ఆ టార్గెట్ పేరు కొడితే మాస్క్‌డ్ అని కనపడుద్ది. అన్‌మాస్క్ చేస్తే అయిపోయె.

అపోహ: మూత వేస్తే సస్పెండ్, ఏ లాప్‌టాప్ అయినా ఒకటే.

వాస్తవం: సిస్ కింద పవర్లో మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ చూడండి. డీప్ అని బ్రాకెట్లో ఉంటే పాత ఎస్3, ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంటు వెళ్ళదు. ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంటే మెషీన్ కునుకు తీస్తుందంతే, ఏదో ఒక డివైస్ నిద్రపోకుండా సతాయిస్తే బ్యాటరీ తాగేస్తది. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 అనేది ఫర్మ్‌వేర్లోనే లేదు, అలాంటి వాటిలో గ్రబ్‌లో డీప్ అని రాసినా ఏం ఒరగదు. కొన్నింటికి బయోస్‌లో స్లీప్ మోడ్ మార్చే సెట్టింగ్ ఉంటది, ఒకసారి చూసుకోండి.

నాది ఎస్2ఐడిల్ బాపతే. మారతహళ్ళిలో మూత వేసి బ్యాగులో పెట్టి 500డీ బస్సు ఎక్కా, సిల్క్ బోర్డు ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా, దిగేసరికి ఒళ్ళో బ్యాగు అప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా కాలిపోతోంది, 80 శాతం ఉన్న బ్యాటరీ 41కి వచ్చింది. అప్పట్నుంచి సస్పెండ్ దెన్ హైబర్నేట్ పెట్టుకున్నా, హైబర్నేట్ డిలే అరగంట. కాసేపు కునుకు తీసి తర్వాత పూర్తిగా పడుకుంటది. బస్సెక్కే రోజు మాత్రం ఆ అరగంట కూడా ఇవ్వను, నేరుగా హైబర్నేట్ కొట్టి, ఫ్యాన్ ఆగిందో లేదో చెవి పెట్టి విన్నాకే బ్యాగు జిప్ వేస్తా.