సికిల్ సెల్: రోజూ వేసుకోవాల్సిన క్యాప్సూల్, దాని చుట్టూ భయాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో "సికిల్" అన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లకు ఊరూరా పరీక్షలు జరుగుతున్నాయి. కాగితం చేతికొచ్చాక ఏం చేయాలన్నది మాత్రం చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. ఆ ఖాళీలోకి అపోహలు వచ్చి చేరుతున్నాయి. వాటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఈ జబ్బుకు రోజూ వేసుకోవాల్సిన క్యాప్సూల్, హైడ్రాక్సీయూరియా అంటే భయం. అందుకే దానికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

ముందు జబ్బు సంగతి రెండు మాటల్లో. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ వదిలేసిన తర్వాత ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని పోగుల్లా సాగుతాయి, ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. 120 రోజులు బతకాల్సిన కణం రెండు మూడు వారాల్లోపే చితికిపోతుంది. రక్తహీనత, కళ్ల పచ్చదనం అందువల్లే. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కున్న చోట నొప్పి పుడుతుంది.

అపోహ: పరీక్షలో పాజిటివ్ వచ్చింది కాబట్టి జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: ఊళ్లో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. ఒక్క జన్యువు మాత్రమే ఉన్న వాహకులకూ (ఏఎస్), రెండూ ఉన్న రోగికీ (ఎస్ఎస్) అది ఒకేలా పాజిటివ్ చూపిస్తుంది. తేడా తెలియాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాలి. మామూలుగా వాహకుల్లో మంచి హిమోగ్లోబిన్ ఎ ఎక్కువ, ఎస్ 35–40 శాతం దగ్గర ఉంటుంది. రోగిలో ఎస్‌దే పైచేయి, ఎ దాదాపు కనిపించదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సికిల్, మరొకరి నుంచి బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ తగినంత తయారుకాని జన్యులోపం) వచ్చిన పిల్లలు ఒడిశాలో తక్కువేమీ లేరు. వాళ్లనూ రోగులుగానే చూడాలి.

పరీక్ష తప్పుదారి పట్టించే సందర్భాలు రెండున్నాయి. ఆరు నెలల లోపు పిల్లల్లో పిండ హిమోగ్లోబిన్ (ఎఫ్) ఇంకా ఎక్కువగా ఉండడంతో సాల్యుబిలిటీ పరీక్ష నెగెటివ్ రావచ్చు. రక్తం ఎక్కించాక మూడు నెలల లోపు హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే దాతల హిమోగ్లోబిన్ కలిసి రోగి కూడా వాహకుడిలా కనిపిస్తాడు. వీలైతే రక్తం ఎక్కించే ముందే నమూనా తీయమని అడగండి.

వాహకులకు మందు అక్కర్లేదు. బడి, పొలం పని, పెళ్లి, కాన్పు అన్నీ మామూలే. ఒంట్లో నీరు తగ్గిపోయేంతగా ఎండలో శ్రమపడకుండా చూసుకుంటే సరిపోతుంది.

అపోహ: ఇది కొండవాళ్ల జబ్బు, మన కులాల్లో లేదు.

వాస్తవం: గిరిజన సముదాయాల్లో ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ పడమటి ఒడిశాలో అఘరియా, కుల్తా లాంటి వ్యవసాయ కులాల్లో కూడా ఇది బాగా ఉంది. జన్యువుకు కులం పట్టదు. "మాకు రాదు" అనుకున్న ఇంట్లో పిల్లవాడి కీళ్ల నొప్పులు ఏళ్ల తరబడి వాతంగానో, పచ్చకళ్లు కామెర్లుగానో చలామణీ అవుతాయి. నేల ఉసిరి రసాలు, పొట్ట మీద వాతలు అయ్యాక గానీ అసలు పరీక్ష జరగదు. వాతలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టించకండి. ఈ పిల్లలకు కాలిన పుండు నుంచి చేరే సూక్ష్మజీవులే ప్రాణాంతకం.

అపోహ: మేనరికం వల్లే సికిల్ వస్తుంది.

వాస్తవం: మేనరికం జన్యువును పుట్టించదు. ఇంట్లో అప్పటికే జన్యువు ఉంటే అది ఇద్దరిలోనూ ఉండే అవకాశాన్ని పెంచుతుంది. అమ్మమ్మ వాహకురాలు, తాతయ్య కాదు అనుకుందాం. మేనమామకు వచ్చే అవకాశం సగం. అక్కకు సగం, అక్క కూతురికి పావు. మేనమామ, మేనకోడలు ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎనిమిదిలో ఒకటి. పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 32లో ఒకటి. పరీక్షలో మేనమామ వాహకుడని తేలితే అదే 16లో ఒకటి అవుతుంది. అదే పరీక్షలో మేనకోడలికి లేదని తేలితే ఎస్ఎస్ బిడ్డ పుట్టే ప్రశ్నే లేదు. నిశ్చితార్థానికి ముందు ఇద్దరి హెచ్‌పీఎల్‌సీ కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే ఈ లెక్కలేవీ అవసరం లేదు.

ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అనే లెక్క తప్పు. ప్రతిసారీ పాచికలు కొత్తగా పడతాయి. పెళ్లి అయిపోయి ఉంటే గర్భం తెలిసిన మొదటి చెకప్‌లోనే పరీక్ష చేయించి, భార్య వాహకురాలైతే భర్తకు వెంటనే చేయించాలి. గర్భంలోని బిడ్డకు పరీక్ష 10–12 వారాల మధ్య మాయ ముక్కతోనూ, 15 వారాల తర్వాత ఉమ్మనీటితోనూ చేస్తారు. ఐదో నెలలో పరుగెత్తితే తీరిక ఉండదు.

అపోహ: హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు. పిల్లలకు వేస్తే ఒళ్లు గుల్లవుతుంది, పిల్లలు పుట్టరు.

వాస్తవం: కొన్ని రక్త క్యాన్సర్లలో దీన్ని వాడతారు, ఆ మాట నిజం. సికిల్‌లో దీని పని వేరు. పుట్టాక తగ్గిపోయే పిండ హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచుతుంది. ఎఫ్ ఉన్న కణంలో సికిల్ పోగులు సాగలేవు. అమెరికాలో 299 మంది పెద్దవాళ్లపై జరిగిన పరిశోధన 1995లో వెలువడింది. నొప్పి దాడులు ఏడాదికి సగటు రోగికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 4.5 ఉంటే, మందు తీసుకున్నవాళ్లలో 2.5. తేడా అంత స్పష్టంగా ఉండడంతో అనుకున్న గడువు కన్నా ముందే ఆపేశారు. తొమ్మిదేళ్ల తర్వాత అదే రోగులను చూస్తే, మందు తీసుకున్నవాళ్లలో మరణాలు దాదాపు 40 శాతం తక్కువ. 9–18 నెలల పసిపిల్లలపై జరిగిన పరిశోధన 2011లో వచ్చింది. వాళ్లలోనూ నొప్పులు, వేళ్ల వాపులు తగ్గాయి. దీర్ఘకాలం గమనించినా క్యాన్సర్లు పెరిగిన దాఖలా కనిపించలేదు.

మనకు మరింత దగ్గరి సాక్ష్యం సంబల్‌పూర్ పక్కన బుర్లా వైద్య కళాశాల ఆసుపత్రిది. కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. చొప్పున ఇచ్చిన చిన్న మోతాదుతోనే నొప్పి దాడులూ రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గాయని అక్కడి వైద్యులు 2012లో ప్రచురించారు. విదేశాల్లో 15–20తో మొదలుపెట్టి 35 దాకా పెంచుతారు. మన దగ్గర 10తో మొదలుపెట్టడం వెనుక ఈ అనుభవం ఉంది. నెలకోసారి రక్త పరీక్షకు కొండ దిగి రాలేని కుటుంబాలకు చిన్న మోతాదు భద్రంగా కూడా ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. 50 కిలోల మనిషికి రోజుకు 500 మి.గ్రా. క్యాప్సూల్ ఒకటి. 25 కిలోల పిల్లవాడికి 250 కావాలి. దొరికేది 500 మాత్రమే అయితే రోజు విడిచి రోజు ఒకటి రాస్తారు. క్యాప్సూల్‌ను విప్పకూడదు, నమలకూడదు. గర్భిణి దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఒక రోజు మరిస్తే మర్నాడు రెండు వేయకూడదు.

మొదలుపెట్టే ముందు రక్త కణాల లెక్క, కిడ్నీ, లివర్ పరీక్షలు చేయిస్తారు. తర్వాత మొదట్లో నెలకోసారి, కుదుటపడ్డాక రెండు మూడు నెలలకోసారి కణాల లెక్క. న్యూట్రోఫిల్స్ (తెల్ల కణాల్లో ఒక రకం) 2,000 కన్నా, ప్లేట్‌లెట్లు 80,000 కన్నా తక్కువకు పడిపోతే సాధారణంగా మందు ఆపి, వారం వారం చూసి, కోలుకున్నాక తగ్గించిన మోతాదుతో మళ్లీ ఇస్తారు. ఇది విషప్రయోగం కాదు, ఆపితే లెక్కలు తిరిగి వస్తాయి. రిపోర్టులో ఎంసీవీ (ఎర్ర కణం సగటు పరిమాణం) పెరగడం చూసి కంగారుపడకండి. మందు ఒంటికి పట్టిందనడానికి అదే గుర్తు. గోళ్లు కొంచెం నల్లబడొచ్చు.

ఎక్కడ చెడుతుందంటే, మూడో నెలలో. ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండు నెలలు వాడి "నొప్పి తగ్గలేదు" అని మానేస్తారు. లేదా ఏడాది వాడి, నొప్పులు లేవు కాబట్టి నయమైందని మానేస్తారు. మానిన కొన్ని వారాల్లో ఎఫ్ పడిపోతుంది, నొప్పులు తిరిగొస్తాయి. అప్పుడు నింద మందు మీద పడుతుంది.

సంతానం విషయంలో భయానికి కొంత ఆధారం ఉంది, దాచడం మాకు ఇష్టం లేదు. గర్భం కోరుకునే స్త్రీ మూడు నెలల ముందు నుంచే ఆపాలి. మగవాళ్లలో వీర్యకణాల లెక్క తగ్గవచ్చు, మందు ఆపితే చాలామందిలో తిరిగి పెరుగుతుంది. పెళ్లి ఈడు వాళ్లు ఈ మాట డాక్టరుతో సిగ్గుపడకుండా ఎత్తాలి.

అపోహ: రక్తం తక్కువ కాబట్టి ఐరన్ టానిక్ పట్టించాలి.

వాస్తవం: ఈ రక్తహీనతకు కారణం కణాలు చితికిపోవడం. చితికిన కణంలోని ఇనుము ఒంట్లోనే మిగులుతుంది, ఎక్కించిన ప్రతి రక్తం బాటిల్ దానికి తోడవుతుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ఫెర్రిటిన్ పరీక్షలో లోపం తేలితేనే ఐరన్. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వాహకులకు ఫర్వాలేదు. ఎస్ఎస్ పిల్లల గురించి మాత్రం టీచరుకు ముందే చెప్పి ఉంచండి. ఫోలిక్ ఆమ్లం వేరే సంగతి, అది వాడొచ్చు.

అపోహ: సికిల్ ఉన్నవాళ్లకు మలేరియా రాదు.

వాస్తవం: తూర్పు ఆఫ్రికాలో 1954లో తేలిన ఒక నిజాన్ని సగం విని పట్టుకున్న మాట ఇది. తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ దొరికేది వాహకులకు. ఎస్ఎస్ రోగికి మలేరియా వస్తే రక్తం హఠాత్తుగా పడిపోతుంది. కోరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో దోమతెర వీళ్లకే ముందు కావాలి. మలేరియా మందు ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష అడగండి. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఈ మందు ఎర్ర కణాలను చితికిస్తుంది.

అపోహ: మన సికిల్ మెత్తనిది, జ్వరమొస్తే రెండ్రోజులు చూడొచ్చు.

వాస్తవం: భారతదేశంలో ఎక్కువగా ఉన్న అరబ్-ఇండియన్ రకంలో పిండ హిమోగ్లోబిన్ సహజంగానే ఎక్కువ, తరచూ 20 శాతం చుట్టుపక్కల. సగటున తీవ్రత తక్కువగా ఉండడానికి అదో కారణం. కానీ సగటు మీ బిడ్డ కాదు. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం సరిగా పనిచేయని బిడ్డలో న్యూమోకోకస్ అనే బాక్టీరియా గంటల్లో ప్రాణం తీయగలదు. జ్వరం 101 దాటితే ఆ రోజే ఆసుపత్రి. ఐదేళ్ల లోపు ఎస్ఎస్ పిల్లలకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇవ్వడం గురించి, న్యూమోకోకల్ టీకా గురించి డాక్టరును అడగండి.

పెద్దవాళ్లు "కడుపులో బల్ల" అనేది ఈ ప్లీహం వాపునే. తల్లికి దాన్ని తడమడం నేర్పాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, ఎడమ పక్కటెముకల కింద వేళ్ల కొనలతో మెల్లగా ఒత్తి చూడాలి. రోజూ ఉండేదాని కన్నా బల్ల హఠాత్తుగా పెరిగి, బిడ్డ పాలిపోయి మగతగా ఉంటే రక్తమంతా అక్కడ చిక్కుకుందని అర్థం. అంబులెన్స్ పిలవాల్సిన పరిస్థితి అది. ఛాతీ నొప్పితో ఆయాసం, మాట తడబడడం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మగవాళ్లలో రెండు గంటలు దాటిన అంగస్తంభన కూడా అంతే.

మామూలు నొప్పి దాడికి ఇంట్లో మొదలుపెట్టొచ్చు. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు మోతాదులు మించకుండా. పెద్దవాళ్లు రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు, మజ్జిగ, గంజి. వేడి కాపడం పెట్టండి, ఐసు వద్దు. ఊళ్లో నొప్పికి చీటికిమాటికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ అలవాటైతే కిడ్నీలు దెబ్బతింటాయి.

అపోహ: జన్యు చికిత్స వచ్చేసింది, అది దొరికేదాకా ఆగుదాం.

వాస్తవం: 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ చికిత్స క్యాస్‌జెవీని 12 ఏళ్లు దాటినవాళ్లకు అనుమతించాయి. మూలకణాలు తీసి, బీసీఎల్11ఎ అనే జన్యువు పనిని అణచి, బలమైన కీమోథెరపీ తర్వాత వాటిని తిరిగి ఎక్కిస్తారు. ఆ జన్యువును అణిచేది పిండ హిమోగ్లోబిన్ పెంచడానికే. మీ క్యాప్సూల్ చేసే పని కూడా అదే దిశలోది. అమెరికాలో ఆ చికిత్స ధర 22 లక్షల డాలర్లు. కొత్తదల్లా నిలబడదు కూడా. 2019లో అమెరికాలో అనుమతి పొందిన సికిల్ మందు వోక్సెలోటార్‌ను 2024 సెప్టెంబరులో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మూలుగ మార్పిడికి సరిపోయే తోబుట్టువు ఉంటే దాని గురించి మాట్లాడడం మంచిదే. ఒక్కో తోబుట్టువు సరిపోయే అవకాశం పావు వంతు. ఆలోచన తేలేదాకా క్యాప్సూల్ ఆపకండి.

అపోహ: పెద్దాసుపత్రిలో సంతకం పెడితే మన మీద ప్రయోగాలు చేస్తారు.

వాస్తవం: పైన మందు పరిశోధనల గురించి చెప్పిన అంకెల వెనుక అలా సంతకం పెట్టిన రోగులున్నారు. అయినా ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో తెలుసుకోవడం మీ హక్కు. రోగుల వివరాలు నమోదు చేసే పరిశీలన వేరు, కొత్త మందు పరీక్ష వేరు. ఏదో ముందు అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, మందు పరీక్ష అయితే సీటీఆర్ఐ (దేశంలో మందు పరీక్షల ప్రభుత్వ రిజిస్టరు) నమోదు సంఖ్య చూపించమనండి. కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే మీకు అర్థమయ్యే భాషలో చెప్పించుకోండి. చదువు రానివాళ్లకు పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు, మానినందుకు మామూలు వైద్యం ఆగకూడదు. మందు పరీక్ష వల్ల హాని జరిగితే 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నిబంధనల ప్రకారం వైద్యం, పరిహారం ఇవ్వాలి.

బరంపురానికీ విశాఖకూ మధ్య తిరిగేవాళ్లు ఒక ఫైలు పెట్టుకోండి. అందులో మొదటి హెచ్‌పీఎల్‌సీ కాగితం, బ్లడ్ గ్రూపు, బాగున్న రోజుల్లో హిమోగ్లోబిన్ ఎంత ఉంటుందో ఆ అంకె, చివరి ఫెర్రిటిన్, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో, క్యాప్సూల్ మోతాదు, అది మొదలైన తేదీ ఉండాలి. అర్ధరాత్రి కొత్త డాక్టరు మొదట అడిగేవి ఇవే.