పన్నెండో మెట్టు దగ్గర అడగవలసిన ప్రశ్న

చికాగోలో ఉంటున్న ఒక పాఠకురాలు కిందటి నెల నాకొక ప్రకటన పంపి అభిప్రాయం అడిగారు. వీణ నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్ల అమ్మాయి కోసం కాకినాడలో ఎవరో అమ్ముతున్న పాత వీణను కొనాలని ఆమె ఆలోచన. ప్రకటనలో ఉన్నవి ఐదే వాక్యాలు. "20 ఏళ్ల నాటి బొబ్బిలి ఏకాండి వీణ. పెద్దగా వాడలేదు. మంచి కండిషన్‌లో ఉంది. నాదం చాలా బాగుంటుంది. మేళం ఒకసారి కట్టించుకుంటే చాలు." ఏకాండి అంటే ఒకే దుంగలో తొలిచినది, మేళం అంటే మైనంలో కూర్చిన మెట్ల వరుస. ఈ ఐదు వాక్యాల్లో దేన్ని నమ్మవచ్చు, దేన్ని చూసి భయపడాలి అన్నది ఆమె ప్రశ్న.

లోపాన్ని ఒప్పుకుంటున్నట్టు కనిపించే చివరి వాక్యమే వీటిలో అన్నిటికన్నా తక్కువ భయపెట్టవలసినది. వీణకున్న 24 కంచు మెట్లు కర్రలో దిగ్గొట్టినవి కావు. దండి, అంటే వీణ పొడవాటి మెడ మీద రెండు అంచుల వెంబడి పోసిన నల్లటి మైనపు గట్లలో అవి కూర్చుని ఉంటాయి. ఆ మైనంలో ముఖ్యమైన సరుకు తేనెమైనం, అది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెల ఎండలో తలుపులు బిగించి నిలిపిన కారులో వీణను ఒక్క మధ్యాహ్నం ఉంచితే మెట్లు పక్కకు జరగడానికి అంత వేడి చాలు. కాబట్టి కొన్నేళ్లకు ఒకసారి మేళం విప్పి మళ్లీ కట్టించడం ఇంటికి సున్నం వేయించడం వంటి మామూలు పని. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో ఈ 24 మెట్ల వీణ రూపుదిద్దుకుందని చెబుతారు. మెట్టును చెవితో విని, వేడిచేసిన మైనంలో వెంట్రుకవాసి జరిపి, మళ్లీ వినే ఆ పద్ధతి ఈనాటికీ అలాగే సాగుతోంది.

నేను ఎక్కువసేపు ఆలోచించింది నాలుగో వాక్యం గురించి. నాదం బాగుంటుందో లేదో ఇంత దూరం నుంచి తేల్చడం సాధ్యం కాదు. వీణ నాదంలోని తీయదనమంతా మూలస్వరానికి పైపైన సన్నగా పలికే అనుస్వరాలలో ఉంటుంది. తంత్రిని ఒక అనుస్వరానికి అస్పందన బిందువైన, అంటే తంత్రి కదలకుండా నిలిచే, చోట మీటితే ఆ అనుస్వరం పలకకూడదన్నది భౌతికశాస్త్రజ్ఞులు యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల నియమం. వీణ, తంబురాల మీద ఆ నియమం చెల్లడం లేదని సి.వి. రామన్ 1921లో చూపించారు. తంత్రులను కింద మోసే గుర్రం మీది లోహపు రేకు కొద్దిపాటి వంపుతో వెడల్పుగా ఉండి, కంపించే తంత్రిని తాకుతూ వదులుతూ ఉండటం వల్ల, రాకూడని అనుస్వరాలు కూడా అక్కడే పుట్టుకొస్తాయి. ఇంత సున్నితమైన సంగతిని ఫోను మైకు పట్టుకోలేదు. పైగా ఫోన్లో మాట్లాడేటప్పుడు చుట్టుపక్కల చప్పుడును తగ్గించే ఏర్పాటు ఒకటి పనిచేస్తూ, సాగి సాగి సన్నబడే వీణ నాదాన్ని కూడా చప్పుడుగానే ఎంచి కోసేస్తుంది. అయితే ఎంత చవక ఫోనైనా పౌనఃపున్యాన్ని మాత్రం మార్చలేదు. నాదం వన్నె చెడవచ్చు గాని, సెకనుకు 330 సార్లు కంపించినది 330గానే మన దాకా వస్తుంది. అందువల్ల దూరాన ఉన్న వీణ గురించి నమ్మకంగా తెలుసుకోదగినది దాని స్థాయి ఒక్కటే, దానితోనే ఆశ్చర్యపోయేంత సమాచారం రాబట్టవచ్చు.

అందుకు అమ్మేవారిని ఒక చిన్న వీడియో తీసి పంపమంటే చాలు. సారణి అనే ముఖ్య తంత్రి మీద సరిగ్గా పన్నెండో మెట్టుకు పైన వేలిని నొక్కకుండా ఊరికే ఆనించి మీటి, వెంటనే వేలు తీయాలి. గంట మోగినట్టు తేటగా ఒక స్వరం వస్తుంది. తర్వాత అదే మెట్టు దగ్గర తంత్రిని మామూలుగా నొక్కి మీటాలి. రెండూ తారస్థాయి షడ్జమమే కావాలి. మొదటిది తంత్రి తనంతట తాను రెండు సమభాగాలుగా కంపించి ఇచ్చిన స్వరం గనుక, మెట్టు ఎక్కడున్నా, మైనం ఎలా ఉన్నా అది విడి తంత్రి పౌనఃపున్యానికి సరిగ్గా రెట్టింపే ఉంటుంది. రెండోది మెట్టు చెప్పే సాక్ష్యం. ఈ రెంటి మధ్య తేడాను శ్రుతి చూపించే యాప్‌లో సెంట్లలో, అంటే స్వరాల మధ్య ఎడాన్ని కొలిచే ప్రమాణంలో, చదవాలి. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు.

తేడా కనిపిస్తే అది మూడు కారణాల్లో ఏదో ఒకటి కావచ్చు. మెట్ల వరుసకు ముందు తంత్రి ఆనే మేరువు నుంచి గుర్రం దాకా తంత్రి పొడవు 84 సెంటీమీటర్లు అనుకుందాం. ప్రతి మెట్టు మిగిలిన పొడవును 0.944 వంతుకు తగ్గిస్తుంది కనుక మొదటి మెట్టు మేరువుకు 4.7 సెం.మీ. దూరంలో ఉంటుంది, 23, 24 మెట్ల మధ్య ఎడం 1.25 సెం.మీ. మాత్రమే. మైనం మెత్తబడి ఒక మెట్టు 1 మిల్లీమీటరు జరిగితే, మొదటి మెట్టు దగ్గర 2 సెంట్ల తేడా వస్తుంది, దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. అదే మిల్లీమీటరు ఇరవైనాలుగో మెట్టు దగ్గర 8 సెంట్లవుతుంది. మెట్లు జరిగిన వీణలో తప్పులు ఇలా అక్కడొకటి ఇక్కడొకటిగా, క్రమం లేకుండా కనిపిస్తాయి. గుర్రమే చోటు తప్పి వెనక్కి జరిగితే తప్పు పైమెట్లకు పోయేకొద్దీ క్రమంగా పెరుగుతుంది. మిల్లీమీటరుకు పన్నెండో మెట్టు 2 సెంట్లు, ఇరవైనాలుగో మెట్టు 6 సెంట్లు తగ్గి పలుకుతాయి. ఇది గుర్రాన్ని సరిచేస్తే పోయే దోషం.

మూడో కారణం దండి వంగడం. దాని లెక్క తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను. తంత్రిని మెట్టు దాకా నొక్కినప్పుడు అది కాస్త సాగుతుంది, సాగితే తన్యత, అంటే దానిలోని లాగుడు, పెరుగుతుంది, తన్యత పెరిగితే స్వరం హెచ్చుతుంది. 0.30 మి.మీ. ఉక్కు తంత్రిని 165 హెర్ట్జ్‌ల షడ్జమానికి బిగించామనుకుంటే దానిలో ఉండే లాగుడు సుమారు 43 న్యూటన్లు, అంటే 4 కిలోల పైచిలుకు బరువు వేలాడదీసినట్టు. పన్నెండో మెట్టుకూ తంత్రికీ మధ్య 4 మి.మీ. ఎడం ఉంటే, నొక్కినప్పుడు తంత్రి సాగేది ఒక మిల్లీమీటరులో పాతికో వంతే. ఉక్కు ఎంత బిరుసైనదంటే ఆ కాస్త సాగుదలకే తన్యత ఒకటిన్నర శాతం పెరిగి, స్వరం 13 సెంట్లు హెచ్చుతుంది. గుర్రానికి అవతలా, తంత్రిని బిగించే బిరడా వైపూ ఉన్న తంత్రి కూడా ఈ సాగుదలను కొంత పంచుకుంటుంది గనుక నిజంగా వచ్చేది ఇంకా తక్కువే, ఆ హెచ్చును మేళం కట్టేవారు చెవితో కనిపెట్టి మెట్టును కాస్త వెనక్కి జరిపి సర్దుతారు. దండి వంగి ఆ ఎడం 8 మి.మీ. అయిందంటే హెచ్చు రెట్టింపుతో ఆగదు. సాగుదల ఎడం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి నాలుగు రెట్లై, 50 సెంట్లు, అంటే అర మెట్టు దాకా పోతుంది. కంటికి 4 మిల్లీమీటర్లుగా కూడా తోచని వంపు చెవిలో అపస్వరమై మోగుతుంది.

ఇంటర్మీడియట్ ప్రయోగశాలల్లో సోనోమీటరు మీద కాగితపు ముక్క ఎగిరిపడే చోటును వెతుకుతూ మనమందరం ఈ సూత్రాలను కంఠస్థం చేశాం. ఆ బల్ల మీద ఒక్కసారైనా ఒక వీణను పెట్టి, 'ఇది ఎందుకు శ్రుతి తప్పిందో చెప్పండి' అని పిల్లలను అడిగి ఉంటే పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న వాక్యం వారికి జీవితాంతం గుర్తుండేదని నా గట్టి నమ్మకం.

ఎడాన్ని కొలవడానికి ఏటీఎం కార్డు చాలు. దాని మందం 0.76 మి.మీ. పన్నెండో మెట్టుకూ తంత్రికీ మధ్య, తంత్రిని కదపకుండా ఎన్ని కార్డులు దూరతాయో లెక్కపెట్టి చెప్పమనాలి. ఐదు కార్డులైతే దాదాపు 4 మి.మీ., పది దూరితే ఆ వీణను వదిలేయవచ్చు. తర్వాత ఒకరు సారణిని మొదటి మెట్టు దగ్గరా ఇరవైనాలుగో మెట్టు దగ్గరా నొక్కి పట్టుకోవాలి. బిగిసిన తంత్రికి మించిన తిన్నని గీత ఇంట్లో దొరకదు. నడుమ మెట్లకూ ఆ గీతకూ మధ్య వెలుతురు కనిపిస్తే మెట్ల వరుస లోతుకు దిగిందన్నమాట. వెలుతురు కనిపించనంత మాత్రాన దండి తిన్నగా ఉందని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే వంగిన దండి మీద కూడా నడుమ మైనం ఎక్కువ పోసి మెట్లను సమం చేయవచ్చు. అందుకే పక్క నుంచి తీసిన ఫొటో కావాలి. మైనపు గట్టు ఎత్తు రెండు కొసల్లో కన్న నడుమ ఎక్కువగా ఉంటే వంపును మైనం కప్పిందని అర్థం. 'మేళం కొత్తగా కట్టించాం' అన్న ప్రకటన కన్న 'మేళం కట్టించుకోవాలి' అన్నదే నాకు నచ్చడానికి కారణం ఇదే.

'పెద్దగా వాడలేదు' అన్న మాటను చాలామంది గుణంగా చదువుతారు. వాయించిన వీణకు మెట్ల మీద గాడులు పడతాయి. గమకం కోసం తంత్రిని పక్కకు లాగినప్పుడల్లా అది కంచును అరగదీస్తుంది గనుక, సారణి కింది మెట్లను దగ్గరగా తీసిన ఫొటోలో వాడకం ఎంతో చదవవచ్చు. అయితే ఆ గాడులను ఆకురాయితో సరిచేయవచ్చు, గుర్రం మీది రేకును కూడా అంతే. వాడకుండా మూల నిలబెట్టిన వీణకు జరిగే హాని వేరు. ఏడు తంత్రులూ ఇంచుమించు ఒకే లాగుడులో ఉన్నాయనుకుంటే దండి మీద 30 కిలోల బరువు రాత్రింబవళ్లు ఉంటుంది. ఎడతెగని బరువు కింద కర్ర నెమ్మదిగా, తిరిగి రాని విధంగా వంగుతుంది. ఒకే తేమలో ఉన్న కర్ర కన్న తడుస్తూ ఆరుతూ ఉన్న కర్ర అదే బరువుకు మరింత వంగుతుందని కలప శాస్త్రజ్ఞులు గమనించారు. వానాకాలం ఉబ్బి, వేసవిలో ఎండే సముద్రతీరపు ఇంట్లో, తంత్రులు సడలించకుండా 20 ఏళ్లు నిలబడిన వీణ ఈ రెండు కష్టాలనూ పడినట్టే.

దానికి తోడు పురుగు. చాలా ఏళ్ల క్రితం నేను ఒక పాత వీణ కొన్నాను. నాదం పలికే గుండ్రటి కుండ అడుగున చిన్న రంధ్రాలున్నాయని అమ్మిన వ్యక్తి దాచకుండానే చెప్పారు, 'ఎప్పటివో పాతవి' అన్నారు. ఇంటికి తెచ్చి నల్ల బట్ట మీద పడుకోబెట్టిన మూడో నాటి ఉదయం, ఒక్కొక్క రంధ్రం కింద గోధుమపిండి చిటికెడు పోసినట్టు సన్నని కుప్పలు కనిపించాయి. ఆ రంధ్రాలు పురుగు లోపలికి పోయిన దారులు కావు, కర్ర తిని పెరిగి రెక్కలొచ్చి బయటికి వచ్చేసిన దారులు. లోపల ఇంకెన్ని ఉన్నాయో పైనుంచి తెలియదు. ఈ పురుగు వెతికేది కర్రలోని పిండిపదార్థాన్ని, అది కాండం నడిమి గట్టి కర్ర అయిన చేవలో కన్న బెరడు కిందనుండే పైచెక్కలో ఎక్కువ. పనసలో చేవ పసుపుగా, పైచెక్క పాలిపోయి ఉంటుంది. కాబట్టి మెరుగు పూయని లోపలి భాగం ఫొటో అడిగితే, ఆ వీణ చేవతో చేసిందో కాదో రంగే చెబుతుంది. పొడి తెల్లగా, తాజాగా రాలుతుంటే కొనవద్దు.

ఏకాండి అన్న మాటకు వెల ఎక్కువ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా ఒకే పనస దుంగ నుంచి కుండను, దండిని తొలిచి తీస్తున్నారు. కుండ నుంచి దండిలోకి కర్ర గీతలు తెగకుండా పారితే అది ఏకాండి. ఆ చోట నగిషీ పట్టీ కప్పి ఉంటే ఫొటోతో తేల్చలేము. గుడి గంటల నాదం విని పెరిగిన పనసతో చేసిన వీణకే సునాదం వస్తుందని కొందరు అమ్మేవారు చెబుతుంటారు. ఆ భక్తిని నేను కించపరచను గాని, చెట్టు విన్న నాదం కర్రలో నిలిచి ఉండే మార్గమేదీ భౌతికశాస్త్రంలో లేదు, ఆ మాటకు అదనంగా రూపాయి కూడా ఇవ్వవద్దు.

చీలికల గురించి ఒక్క మాట. ఆరినప్పుడు కర్ర నిలువునా దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగానే తగ్గుతుంది. అందువల్ల తేమ మార్పుతో వచ్చిన చీలిక ఎప్పుడూ కర్ర గీతల వెంబడే నడుస్తుంది. గీతలకు అడ్డంగా పోయిన చీలిక కింద పడటం వల్లనో దెబ్బ తగలడం వల్లనో వచ్చినదే, అమ్మేవారు ఏమన్నా సరే.

పాఠకురాలికి వారం తర్వాత వీడియో వచ్చింది. పన్నెండో మెట్టు దగ్గర ఆనించిన స్వరం కన్న నొక్కిన స్వరం 9 సెంట్లు హెచ్చు, ఐదు కార్డులు దూరాయి, పైమెట్లలో మూడు మాత్రం అటూ ఇటూగా తప్పి ఉన్నాయి. దండి బాగుంది, మెట్లే జరిగాయి, మేళం కట్టిస్తే చాలన్న మాట నిజమే. ఇక మిగిలింది చికాగో చలికాలం. కాకినాడ తేమలో ఉన్న పనస, హీటరు వేసిన ఇంటి పొడిగాలిలో అడ్డంగా 1 శాతం కుంచించుకున్నా, కుండను మూసే 30 సెం.మీ. పలకకు 3 మి.మీ. కొరత పడుతుంది, ఆ కొరత చీలికగా బయటపడుతుంది. మేళం కాకినాడలోనే కట్టించి, తంత్రుల శ్రుతి రెండు మూడు మెట్లు దిగేలా సడలించి, వేసవి మొదట్లో తెప్పించుకోమని, నవంబరు రాకముందే ఆ గదిలో గాలికి తేమ పట్టించే యంత్రం ఒకటి పెట్టమని ఆమెకు రాశాను.